ఒక ఒరలో రెండు కత్తులు: సర్వర్ల మైగ్రేషన్‌పై వాదోపవాదం

(రాయదుర్గంలోని ఒక సాఫ్ట్‌వేర్ కార్యాలయంలో సర్వర్ల కాన్ఫిగరేషన్‌ను అంటే వాటి సెట్టింగులను, ఇంతకాలం పప్పెట్ అనే సాఫ్ట్‌వేర్ చూసుకుంటూ వచ్చింది. ఇకపై అదే పని చేసే ఆన్సిబుల్‌కు మారాలన్న నిర్ణయం జరిగిపోయింది, ఎలా మారాలన్నదే తగువు. ఒకే రాత్రిలో మారిపోవాలని మేనేజర్, కొంతకాలం రెండింటినీ పక్కపక్కనే నడపాలని ఇంజనీర్ పట్టుబడుతున్నారు. నా మొగ్గు ఇంజనీర్ వైపే అయినా, మేనేజర్ మాటల్లో కొట్టిపారేయలేనివి ఉన్నాయి.)

మేనేజర్: ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవమ్మా. ప్రతి యంత్రంలో ఉండే పప్పెట్ ఏజెంట్ డిఫాల్ట్‌గా ప్రతి 30 నిమిషాలకూ పప్పెట్ కేంద్ర సర్వర్‌ను సంప్రదించి, అక్కడ రాసి ఉన్న స్థితికే యంత్రాన్ని తిరిగి తెస్తుంది. దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే దారైన ఎస్‌ఎస్‌హెచ్‌లో, సర్వాధికారాలుండే రూట్ లాగిన్‌ను మీరు ఆన్సిబుల్‌తో మూసేస్తే, పప్పెట్‌కు సూచనలు రాసిన పాత మానిఫెస్ట్‌లో తెరిచి ఉంచమని ఉన్నంతకాలం పప్పెట్ దాన్ని మళ్లీ తెరుస్తూనే ఉంటుంది. ఎవరు ఏది మార్చారో తెలియక నైట్ షిఫ్ట్ వాళ్లు తల పట్టుకుంటారు.

ఇంజనీర్: అది అక్షరాలా నిజం సర్. కానీ రెండూ ఒకే సర్వర్‌పై పెత్తనం చేసినప్పటి మాట అది, మన దగ్గర ఉన్నది ఒక్క ఒర కాదు. సంస్థలో రెండూ ఉండాలనీ, ఏ ఒక్క సర్వర్‌ మీదా రెండింటికీ అధికారం ఉండకూడదనీ నేను అడుగుతున్నాను. పప్పెట్ ఏలుబడిలో ఉన్న సర్వర్‌పై ముందుగా ఆన్సిబుల్‌ను చెక్ మోడ్‌లో నడుపుదాం. అది ఏమీ మార్చదు, ఏది మార్చాల్సి వచ్చేదో మాత్రం చూపిస్తుంది. ఆ తేడాలే మనకు కావలసినవి. ఎప్పుడో ఎవరో చేర్చిన, నిర్ణీత వేళకు దానంతటదే నడిచే క్రాన్ జాబ్, ఫలానా వెర్షన్ దాటకూడదని కట్టడి చేసిన ప్యాకేజీ, ఎందుకు పెట్టారో ఇప్పుడు ఎవరికీ గుర్తులేని కెర్నల్ సెట్టింగ్, ఇవన్నీ మానిఫెస్టుల్లో ఉన్నాయి గానీ డాక్యుమెంట్లలో లేవు. తేడాలు తీరాక, కారణం రాసి ఏజెంట్‌ను డిసేబుల్ చేసి, ఆ సర్వర్‌ను ఆన్సిబుల్‌కు అప్పగిద్దాం. ఏజెంట్ ఆగినంత మాత్రాన అది పెట్టిన ఫైళ్లు చెరిగిపోవు, యంత్రం ఉన్న స్థితిలోనే ఉంటుంది. ఏదైనా బెడిసికొడితే ఏజెంట్‌ను మళ్లీ ఎనేబుల్ చేస్తాం.

మేనేజర్: చెక్ మోడ్‌ను అంతగా నమ్మకండి. నేరుగా కమాండ్లు నడిపే షెల్, కమాండ్ మాడ్యూళ్లతో రాసిన పనులను అది సాధారణంగా దాటేస్తుంది, ఆన్సిబుల్‌కు పనులు రాసిచ్చే మన ప్లేబుక్కుల్లో అలాంటివి బోలెడున్నాయి. చూడని చోట తేడా కనిపించలేదంటే అది రుజువు ఎలా అవుతుంది?

ఇంజనీర్: కాదు, ఒప్పుకుంటున్నాను. వీలైనవాటిని చెక్ మోడ్ చూడగల ఫైల్, ప్యాకేజీ, సర్వీస్ మాడ్యూళ్లలోకి తిరగరాయాలి. వీలుకానివాటిని టెస్ట్ సర్వర్ మీద నిజంగానే నడిపి చూడాలి. గడువు అడుగుతున్నది అందుకే. ఒకే రాత్రిలో మారితే ఈ లోపం అన్ని సర్వర్లలోనూ ఒకేసారి బయటపడుతుంది.

మేనేజర్: వినాయక నిమజ్జనం రోజు పెట్టుకుందాం. సెలవు కాబట్టి వాడేవాళ్లు తక్కువ.

ఇంజనీర్: ఆ రోజు ట్యాంక్‌బండ్ చుట్టూ దారులు మళ్లిస్తారు సర్. సికింద్రాబాద్ నుంచి మనవాళ్లు ఇక్కడికి ఎలా రావాలి?

మేనేజర్: మెట్రో ఉంది కదా, అది రాయదుర్గం దాకా వస్తుంది. అసలు రావడమెందుకు? ఆన్సిబుల్‌కు ఎస్‌ఎస్‌హెచ్ చాలు, ఇంటి నుంచే చేయవచ్చు.

ఇంజనీర్: ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగరేషనే పాడైతే? ఆన్సిబుల్‌కు ఉన్నది ఆ ఒక్క దారే. అప్పుడు ఎవరో ఒకరు సర్వర్ రూమ్‌కు వచ్చి కన్సోల్ ముందు కూర్చోవాల్సిందే. పది సర్వర్లకైతే కూర్చోగలం, అన్నింటికీ కూర్చోలేం.

మేనేజర్: సరే, పండుగ సంగతి వదిలేద్దాం. నా అసలు భయం వేరు. పప్పెట్ సంస్థను 2022లో పెర్‌ఫోర్స్ అనే కంపెనీ కొన్నది. 2025 నుంచి కొత్త ప్యాకేజీలు అందరూ డౌన్‌లోడ్ చేసుకునే పబ్లిక్ రిపోజిటరీలకు రావడం మానేశాయి, వాడకందారులే ఓపెన్‌వాక్స్ పేరుతో వేరు శాఖ పెట్టుకున్నారు. మనం మాత్రం పాత ప్యాకేజీతోనే ఉన్నాం. అప్‌డేట్లు రాని సాఫ్ట్‌వేర్‌కు రూట్ అధికారమిచ్చి ఇంకెన్నాళ్లు కూర్చోబెడతాం? పైగా ఇలాంటి సహజీవనాల్లో సులువైన సర్వర్లు ముందు దాటిపోతాయి, ఎవరూ ముట్టుకోవడానికి సాహసించని నాలుగు మిగిలిపోతాయి, వాటి కోసం పాత వ్యవస్థ మొత్తం ఏళ్ల తరబడి బతికే ఉంటుంది.

ఇంజనీర్: ఈ మాటకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు, షరతులు మాత్రం ఉన్నాయి. ఈ రోజు నుంచి మానిఫెస్టుల్లో సెక్యూరిటీ మార్పులు తప్ప మరేవీ చేయవద్దు. కొత్త సదుపాయం కావాలన్న టీమ్ తన సర్వర్‌ను ఆన్సిబుల్‌కు దాటించుకోవాలి. టెస్ట్ సర్వర్ల తర్వాత కష్టమైనవాటినే ముందు పట్టుకుందాం. ఏజెంట్‌ను డిసేబుల్ చేయగానే పని అయిపోయిందని లెక్క వేయవద్దు: ప్యాకేజీ తొలగించి, పప్పెట్ సర్వర్ ఆ యంత్రాన్ని గుర్తించే సర్టిఫికెట్‌ను రద్దు చేశాకే జాబితాలో కొట్టేద్దాం. చివరి యంత్రం దాటాక, ఏజెంట్లు పప్పెట్ సర్వర్‌తో మాట్లాడే 8140 పోర్టు మూసేద్దాం.

మేనేజర్: చివరి తేదీ ఎవరు పెడతారు?

ఇంజనీర్: మీరే పెట్టండి. ఆ తేదీకి మిగిలిన ప్రతి సర్వర్‌కూ దాని యజమాని సంతకంతో కారణం ఉండాలి.

మేనేజర్: అయితే జీతాల సర్వర్‌ను మొదటి విడతలో పెట్టండి, ఒప్పుకుంటాను.

ఇంజనీర్: మొదటి విడత టెస్ట్ సర్వర్లది. అది రెండో విడతలో ఉంటుంది.

మేనేజర్: రెండో విడతే కానీయండి. కానీ జీతాలు పడిన మర్నాడే మొదలుపెట్టాలి, ఒక్క రోజు కూడా ఆలస్యం కావడానికి వీల్లేదు.