బుగ్గకి న్యాయం ఎప్పుడు?

కంటికి చేసే మర్యాదలో పదో వంతు కూడా బుగ్గకి చేయని సమాజం మనది. ఈ మాట ఊరికే అనడం లేదు. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మా అక్కయ్య వాళ్ల హాల్లో కొన్నాళ్లుగా రాత్రి భోజనాలయ్యాక నడుస్తున్న చర్చలన్నీ విని, వాటిలో సగం నేనే లేవదీసి, పూర్తి బాధ్యతతో అంటున్నాను. టెక్సాస్‌లో ఉండే మా అక్కయ్య అల్లుడు ఒక లీవర్ యాక్షన్ రైఫిల్ కొన్నాడు, దాని మీద గురి చూసే దుర్బిణి, అదే స్కోపు, బిగించాడు, ఇప్పుడు గురి చూసేటప్పుడు తుపాకీ కర్రకి బుగ్గ ఆనడం లేదు. విషయం ఇంతే. ఇంతకన్నా చిన్న విషయాలకి సభలు వాయిదా పడటం మనం చూడలేదా?

లీవర్ యాక్షన్ అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉన్న ఇనుప కడ్డీని కిందికి తోసి మళ్లీ పైకి లాగితే, కాలిన గుల్ల బయటపడి కొత్త తూటా లోపలికెళ్లే రకం. కౌబాయ్ సినిమాల్లో గుర్రం మీద కూర్చుని టకటకా ఆడిస్తారే, అది. మనవాడిది మార్లిన్ 336. 1948 నుంచి వస్తున్న మోడల్, గుల్ల పక్కకి పడుతుంది కాబట్టి నెత్తిన స్కోపు పెట్టుకోవచ్చు. 1894 నాటి వించెస్టర్‌కి గుల్ల నేరుగా పైకెగిరేది, పాపం దానికి నడినెత్తిన స్కోపు మోసే యోగం 1980ల దాకా సరిగ్గా పట్టలేదు. ఈ చరిత్రంతా ఇప్పుడు మా బావగారికి కంఠతా వచ్చు. ఇంట్లో గ్యాస్ బుక్కు ఎక్కడుందో మాత్రం ఆయనకి ఇప్పటికీ తెలీదు.

అసలు అన్యాయం ఎక్కడ మొదలైందంటే, ఆ తుపాకీ మడమని, అంటే భుజానికి ఆనించే ఆ కర్ర బట్‌ని, గొట్టం మీద గురి చూడ్డానికి బిగించే చిన్న ఇనుప ముక్కల కోసం, అంటే ఇనుప గురి కోసం చెక్కారు. ఆ గురి గొట్టాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది, దానికి కన్ను అందాలంటే తల బాగా వంచాలి, అందుకని మడమ పైఅంచుని కిందికి వాల్చారు. ఇప్పుడు గొట్టం నడిమి నుంచి సుమారు అంగుళంన్నర ఎత్తులో స్కోపు తెచ్చి పెడితే కన్ను ముప్పావు అంగుళమన్నా పైకి లేవాలి. కన్నుతో పాటు బుగ్గా లేస్తుంది, చివరికి చెక్క మీద ఆనేది గడ్డం కొస. మేడ వేయించి మెట్లు మర్చిపోయిన ఇంటి లెక్క.

గడ్డం ఆనిస్తే ఏం పోయిందయ్యా అని మీలో కొందరు అడుగుతారు. మా బావగారూ అడిగారు. తల గాల్లో ఊగుతుంటే ఒక్కోసారి కన్ను ఒక్కోచోట పడుతుంది. స్కోపులో గుండ్రంగా కనిపించాల్సిన బొమ్మకి ఓ అంచున నల్లటి నెలవంక వచ్చి కూర్చుంటుంది. తల కదిలితే స్కోపు లోపలి గీతలు కూడా కొట్టాల్సిన చోటు మీద నుంచి పక్కకి జరిగినట్టు కనిపిస్తాయి, దాన్నే పారలాక్స్ అంటారు. మామూలు వేట స్కోపుల్ని వంద గజాల దగ్గర ఆ తేడా రాకుండా సరిచేసి ఇస్తారు కానీ మిగతా దూరాలకి కన్ను నడిమధ్యన ఉండాల్సిందే. పైగా స్కోపుకీ కంటికీ మధ్య మూడు మూడున్నర అంగుళాల ఎడం ఉండాలి. మెడ సాచి ముందుకి దేకుతూ పోతే, పేల్చినప్పుడు తుపాకీ వెనక్కి తన్ని స్కోపు అంచు కనుబొమ్మ మీద సంతకం పెడుతుంది.

ఆ సంతకాన్ని మా అక్కయ్య వీడియో కాల్‌లో చూసింది.

"ఏంది అల్లుడు గారూ, ఆ దెబ్బ?"

"బాత్రూం తలుపు తగిలింది అత్తయ్యా."

"తలుపు గుండ్రంగా ఉంటుందా మీ దేశంలో?"

అక్కడి నుంచి విషయం కుటుంబం చేతుల్లోకి వచ్చింది. ఇక్కడే నేను కాస్త ఘాటుగా రాయాల్సి వస్తోంది. స్కోపు కొనడానికి మనవాడు నెలల తరబడి వీడియోలు చూశాడు, జీతంలో మంచి ముక్కే తగలేశాడు, వచ్చిన రోజు డబ్బా విప్పుతూ ఫోటోలు కూడా పంపాడు. మడమ మీద ఎత్తు కోసం వేసే బుగ్గ దిండు కొనమంటే మాత్రం "అది పెడితే వాల్‌నట్ చెక్క అందం చెడుతుంది మావయ్యా" అన్నాడు. కనుబొమ్మ అందం సంగతి ఎవరు చూడాలి మరి? పైకి కనిపించేదానికి వేలు పోయడం, దాన్ని వాడుకునే ఒళ్లు ఏమైనా సర్దుకోవాలనుకోవడం మన రక్తంలోనే ఉంది. ఈ చర్చ జరిగే హాల్లోనే చూడండి, టీవీ మొన్న మారింది, పెద్దది తెచ్చారు, ఫ్యాను రెక్కలకి జానెడు కింద గోడకి బిగించారు, సోఫా మాత్రం పాతదే, నేలకి అంటుకుని ఉంటుంది. అందరం గడ్డాలు పైకెత్తి వార్తలు చూస్తాం, తర్వాత మెడలకి బామ్ రాసుకుంటాం. స్టాండు దించుదామన్న ప్రతిపాదన ఇంతవరకూ ఎవరూ పెట్టలేదు.

పోనీ బుగ్గ విలువ తెలిసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం కొట్టిన పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో వాడే తుపాకీలు చూడండి, బుగ్గ ఆనే చెక్కని ఎవరి ముఖానికి తగ్గట్టు వాళ్లు పైకీ కిందికీ జరుపుకునే ఏర్పాటు ఉంటుంది. అంత స్థాయి ఆటలో బుగ్గకి విడిగా కుర్చీ వేశారు. మన బ్యాంకు గేటు దగ్గర గార్డు గారి డబుల్ బ్యారెల్ సంగతి ఇంకా గట్టిది. దానికి వెనక గురి ఉండదు, మడమ మీద సరిగ్గా బుగ్గ పెడితే మన కన్నే వెనక గురి. నెల్లూరులో నేను చూసిన గార్డు గారు మధ్యాహ్నం రెండు తర్వాత గొట్టం చివర చెయ్యి, చేతి మీద బుగ్గ ఆనించి కళ్లు మూసుకుంటారు. ఆనడం విషయంలో ఆయన్ని మించినవాడు లేడు, దిశలోనే చిన్న తేడా.

మా చర్చలకి నిపుణులు కూడా వచ్చారు. పక్క పోర్షన్‌లో ఉండే రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ గారు ముందు చట్టం చెప్పారు. 1959 ఆయుధాల చట్టం, లైసెన్సు, 2019 సవరణతో మనిషికి రెండు తుపాకులకి మించకూడదన్న పరిమితి, అన్నీ వరసగా చెప్పి, "ఎలక్షన్లొస్తే అక్కడ ఏ స్టేషన్లో డిపాజిట్ చేస్తారు?" అని నిలదీశారు. అక్కడ అలాంటిదేమీ లేదు సార్ అని అల్లుడు చెబితే, మరి ఎలక్షన్లు ఎట్టా జరుపుతారయా అని ఆయన నిజంగానే దిగులుపడ్డారు. గిద్దలూరు వైపు నుంచి వచ్చిన మా బావగారి తమ్ముడికి ఇంకో బాధ. టెక్సాస్‌లోనూ అడవిపందులు పొలాల్ని కుళ్లబొడుస్తాయని, జనం వాటిని ఇలాంటి రైఫిళ్లతోనే కాలుస్తారని విని, "మా దగ్గర వాటిని ముట్టుకుంటే 1972 చట్టం పట్టుకుంటది, మేం చేను చుట్టూ పాత చీరలు కడతాం, చీరకి స్కోపు అక్కర్లా" అన్నాడు. చీర ఎంత ఎత్తున కట్టాలో మాత్రం అరగంట మాట్లాడాడు. ఎత్తు విలువ రైతుకి తెలుసు.

పరిష్కారాల దగ్గర కొట్లాటే. మడమ పైఅంచు ఎత్తుగా ఉండే కొత్త కర్ర బట్ వేయించమని వడ్రంగి అన్నాడు, ఖర్చు వినగానే అల్లుడికి సిగ్నల్ పోయింది. స్పాంజి చాప ముక్క కోసి టేపు చుట్టుకోమన్నాను నేను. నవ్వకండి, అది నిజంగా పనిచేస్తుంది, చాలామంది అంతే చేస్తారు. చివరికి గెలిచింది తోలు దిండు. మడమకి చుట్టి, అడుగున షూ లేసు వేసినట్టు తాడు బిగించి కట్టేది. చిన్నబజారులో తోలు పని చేసే ఆయన కొలతలడిగాడు. చెయ్యి పట్టే చోటికి రాకూడదు, లీవర్‌కి తగలకూడదు, తూటాని పేల్చే సుత్తిని వెనక్కి లాగే బొటనవేలికి అడ్డం పడకూడదు, అసలే స్కోపు కింద దానికి చోటు చాలక పక్కకి చిన్న కొమ్ము బిగించుకోవాల్సి వచ్చింది. అన్నీ విని ఆయన, "అయితే మిగిలింది ఎంత సామీ?" అన్నాడు.

మందం ఎంతో తేల్చడానికి ఒక రాత్రి పరీక్ష పెట్టాం. మనకి తొమ్మిదిన్నర, వాళ్లకి ఉదయం. తూటాలన్నీ తీసేసి, తూటా కూర్చునే చాంబర్‌లోకి వేలు పెట్టి తడిమి మరీ ఖాళీ అని చూపించమన్నాం, చూపించాడు. కళ్లు మూసుకుని తుపాకీ భుజానికి పెట్టి, బుగ్గ దానంతటది ఎక్కడ వాలితే అక్కడ వాల్చి, అప్పుడు కళ్లు తెరవాలి. బొమ్మ నిండుగా కనిపిస్తే ఎత్తు సరిపోయినట్టు, నల్లంచు కనిపిస్తే ఇంకో పొర వేయాలి. అల్లుడు కళ్లు మూసుకున్నాడు. ఇక్కడ మా బావగారు గొడుగు భుజానికి ఆనించి కళ్లు మూసుకున్నారు. అక్కయ్య ఎందుకు మూసుకుందో నాకు అర్థం కాలేదు, పెదాలు కదులుతున్నాయి కాబట్టి సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకుంటోందని అనుకున్నాను. చేతిరుమాలు మడతలు పెడుతూ పోయి ముప్పావు అంగుళానికి కాస్త తక్కువ దగ్గర "కనిపిస్తోంది, మొత్తం కనిపిస్తోంది!" అని అల్లుడు అరిచాడు. గొడుగుతో బావగారికీ కనిపించిందట.

దిండు తయారైంది. బాగుంది, తంగేడు పువ్వు కూడా అద్దించింది మా అక్కయ్య. కొరియర్ ఆఫీసులో కౌంటర్ మీద పెడితే ఆ కుర్రాడు తిప్పి తిప్పి చూసి ఇదేంటన్నాడు. బుగ్గకి దిండు అన్నాం. ఫారం మీద చిన్న దిండు అని రాసుకున్నాడు. బరువు తూచి, "కనీసం కిలోకి డబ్బులు పడతాయి మేడం, ఇది పావు కిలో కూడా లేదు, మిగతాది ఏమన్నా వేసుకోండి" అన్నాడు. అక్కయ్య వెనక్కి ఇంటికెళ్లి మాగాయ తెచ్చింది. దిండుని మాగాయ ప్యాకెట్ల మధ్య కుక్కి పంపించారు. జింకలకి చూపు కన్నా ముక్కు చురుకని, వేటగాళ్లు గాలికి ఎదురుగా కూర్చుంటారని బావగారు ఎక్కడో చదివారు. ఆ రాత్రే ఫోన్ చేసి, ప్యాకెట్టు కారినట్టుంటే గాలి ఎటు నుంచి వస్తోందో ఒకటికి రెండుసార్లు చూసుకోమని అల్లుడికి గట్టిగా చెప్పాం.