పేరు లేని పెనం కొనే ముందు బోర్లించి చూడండి

అమెరికాలో ఇంటి పాత సామాన్లు అమ్మేసే ఎస్టేట్ సేళ్లలో కంపెనీ పేరు లేని పాత బీడు పెనం కనిపిస్తే చాలు, పేరున్న పాత కంపెనీ గ్రిస్‌వోల్డ్‌ది అని చీటీ అంటిస్తున్నారు. అట్లకు బాగుంటుందని విన్న మనవాళ్లు ఆ చీటీ చూసి రెట్టింపు ధర పెడుతున్నారు. పేరు లేకుండా వచ్చిన గ్రిస్‌వోల్డ్ రకాలు ఉన్న మాట నిజమే. వాటిలో బాగా తెలిసిన ఐరన్ మౌంటెన్ పెనానికి అడుగున సైజు అంకెతో పాటు నాలుగంకెల ప్యాటర్న్ నంబరు (అచ్చు నమూనా సంఖ్య) ఉంటుంది. ఏ ఆనవాలూ చూపించలేని అమ్మకందారుకి పేరు ఖరీదు ఇవ్వొద్దు.

ఒకదాన్ని ఇంకోటిగా ఎక్కువగా పొరబడేవి టెనెసీలోని లాడ్జ్, అలబామాలోని బర్మింగ్‌హామ్ స్టవ్ అండ్ రేంజ్ పెనాలు. అడుగున అంచు వెంబడి ఉబ్బెత్తుగా తిరిగే హీట్ రింగ్ మూడు చోట్ల తెగి ఉంటే అది దాదాపుగా లాడ్జే. తెగలేదని లాడ్జ్ కాదనడానికి లేదు, ఇంకా పాత లాడ్జ్ పెనాలకు రింగు పూర్తిగానే ఉంటుంది. అప్పుడు వేలితో తడిమి చూడాలి. పిడి మీద అంకె, అడుగున అక్షరం పైకి పొంగి తగిలితే లాడ్జ్ వైపు మొగ్గండి. పూర్తి రింగు ఉండి, అంకె, అక్షరం పక్కపక్కనే లోపలికి దిగి ఉంటే బర్మింగ్‌హామ్ వారి రెడ్ మౌంటెన్ రకం కావచ్చు. ఒక్క గుర్తుతో ఎప్పుడూ తేల్చకండి. పిడి ఆకారం, నూనె వంచే ముక్కులు, రింగు, అంకె అన్నీ ఒకే కంపెనీని చూపించాలి.

అంకె అంగుళాలు కాదు, పాత కట్టెల పొయ్యి కన్ను సైజు. 8వ నంబరు పెనం మూతి దాదాపు పదిన్నర అంగుళాలు ఉంటుంది. అడుగున అడ్డంగా మచ్చలాంటి గీత ఉంటే, కరిగిన ఇనుము అక్కడి నుంచే అచ్చులోకి పోశారని అర్థం. అలాంటివి ఎక్కువగా 1890ల లోపువి. ఆ గీత కాలాన్ని చెబుతుందే తప్ప ఎవరు పోశారో చెప్పదు. మేడ్ ఇన్ యూఎస్ఏ అని ఉన్నదాన్ని అంత పాతదంటే అసలే నమ్మొద్దు.

నా దృష్టిలో ఇదంతా రెండో పని. మొదటిది సీసం పరీక్ష. పాత పెనాల్లో తూటాలకీ గాలపు గుండ్లకీ సీసం కరిగించేవారు. హార్డ్‌వేర్ షాపులో దొరికే సీసం పరీక్ష పుల్లతో (స్వాబ్) లోపలి వైపు రుద్దండి. సీసం ఉందని తేలితే ఆ పెనం వంటకు పనికిరాదు, ఎంత తోమినా సరే. ఈ పరీక్ష పెనాన్ని పాత జిడ్డు వదలగొట్టే లై (కాస్టిక్ సోడా) నీళ్ల తొట్టిలో వేయకముందే చేయాలి, లేదంటే తొట్టి కూడా పాడవుతుంది, తర్వాత అందులో వేసిన పెనాలకూ అంటుతుంది.

తర్వాత చెక్క గరిటెతో తట్టండి. ఖంగుమని మోగాలి, బొంగురుగా పలికితే ఎక్కడో నెర్రె ఉన్నట్టే. గాజు పలక మీద పెట్టి ఎదురెదురు అంచులు నొక్కండి. ఊగిన పెనం గ్యాస్ మీద సర్దుకుంటుంది కానీ ఇండక్షన్ మీద అట్టు ఒక పక్క మాడి, ఇంకో పక్క పచ్చిగా ఉంటుంది. తుప్పు వదిలాక కూడా ఎర్రటి మరకలు ఉండిపోయి, నూనె పూత పట్టకుండా లేచిపోతుంటే ఆ పెనం ఎప్పుడో మంటల్లో కాలింది. దాన్ని ఎంత చవగ్గా ఇచ్చినా వదిలేయండి.