బిషప్ అంటే బాధ్యతా, హోదానా?

వాది: బిషప్ అనే మాటను ఎవరెన్ని విధాలుగా వాడుకున్నా అసలు అర్థం ఒక్కటే. సంఘపు పెద్దలకూ పరిచారకులకూ పైన నిలిచి, ఒక ప్రాంతంలోని సంఘాలన్నిటినీ ఏలే అధిపతి బిషప్. బిషప్ లేకుండా బాప్తిస్మం ఇవ్వరాదని అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్ రెండవ శతాబ్ది తొలినాళ్లలోనే స్ముర్న సంఘానికి రాశాడు.

ప్రతివాది: అసలు అర్థం కావాలంటే ఇగ్నేషియస్ కంటే వెనక్కి వెళ్లాలి కదండీ. గ్రీకులో ఎపిస్కోపోస్ అంటే కనిపెట్టి చూసేవాడు. క్రైస్తవం పుట్టక ముందే, ఏథెన్స్ తన అధీనంలోని నగరాల మీద పర్యవేక్షణకు పంపిన అధికారులకు ఆ పేరుండేది. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం చూడండి. పౌలు మిలేతు నుండి కబురంపి ఎఫెసు సంఘపు పెద్దలను పిలిపించి, 28వ వచనంలో ఆ పెద్దలనే అధ్యక్షులని సంబోధిస్తాడు. మూలంలో ఉన్నది ఎపిస్కోపోస్ అనే మాటే. ఒక్క నగరంలోనే అంతమంది బిషప్‌లుంటే, అందరికీ పైనున్న ఆ ఒక్కడు ఎక్కడ?

వాది: పేరు స్థిరపడకపోవచ్చు, పని మాత్రం అప్పటికే ఉంది. ప్రతి పట్టణంలో పెద్దలను నియమించమని పౌలు తన సహచరుడు తీతును క్రేతు ద్వీపంలో విడిచివెళ్లాడు. పెద్దలను నియమించేవాడు పెద్దలతో సమానుడెలా అవుతాడు?

ప్రతివాది: మీ వాదంలో నాకు అన్నిటికంటే బరువైనదిగా తోచేది ఇదే. అయితే ఆ మాట ఉన్న, తీతుకు రాసిన పత్రిక చివరే, మరొకరు రాగానే నికొపొలికి బయలుదేరి రమ్మని పౌలు తీతుకు చెబుతాడు. ఒక పని అప్పగించి పంపిన ప్రతినిధి అతడు, క్రేతుకు శాశ్వతాధిపతి కాడు. ఇగ్నేషియస్ మాటకే వస్తే, ఇతర సంఘాలకు రాసినప్పుడు బిషప్‌ను అంతగా స్మరించే ఆయన, రోమా సంఘానికి రాసిన లేఖలో అక్కడి బిషప్‌ను ఒక్కసారీ ప్రస్తావించడు. పెద్దా బిషప్పూ మొదట ఒకరేననీ, చీలికలు రాకుండా ఒకరిని ముందు నిలిపారనీ ప్రాచీన క్రైస్తవ పండితుడు జెరోమ్ స్పష్టంగానే రాశాడు.

వాది: అభిషేకం, అంటే ఇతరులను సంఘ సేవకు నియమించడం, తప్ప బిషప్ చేసే పనుల్లో పెద్ద చేయనిదేముందని అడిగిన జెరోమ్, ఆ ఒక్కటీ బిషప్‌కే విడిచిపెట్టాడని మరువకండి. నా పట్టు అక్కడే. బిషప్‌ను కనీసం ముగ్గురు బిషప్‌లు కలిసి నియమించాలని 325లో నికయా మహాసభ విధించింది. అపొస్తలుల నుండి బిషప్‌ల చేతుల మీదుగా అధికారం అందుతూ వస్తుందని మేము నమ్మే పరంపరకు అది కంచె.

ప్రతివాది: కంచెను నేను తక్కువ చేయను, అది ఎప్పుడు వేశారన్నదే నా ప్రశ్న. అమెరికా మెథడిస్టులలో బిషప్ ప్రత్యేక శ్రేణికి చెందినవాడు కాడు, పర్యవేక్షణకు ఎన్నికైన పెద్దే. మోర్మన్లలోనైతే జీతం లేకుండా ఒక్క స్థానిక సంఘాన్ని చూసుకునేవాడే బిషప్. మీ నిర్వచనం ప్రకారం వీరెవరూ బిషప్‌లు కారు.

వాది: కారనే అంటాను. పర్యవేక్షణ ఎవరైనా చేయవచ్చు. దానికి అధికారం ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్నదే నాకు ముఖ్యం.

ప్రతివాది: ఎఫెసు పెద్దలకు ఆ పని ఇచ్చింది పరిశుద్ధాత్మ అని పౌలు ఆ 28వ వచనంలోనే అన్నాడు.