ఉమ్మడి గోడ మీద 5.1

బరంపురం పాత వీధుల్లో ఇల్లంటే అరుగు నుంచి పెరటిదాకా సాగిన రైలుపెట్టె. గోడ సగం మనది, సగం పక్కింటాయనది. ఇక్కడ హోమ్ థియేటర్ పెట్టదలచిన గృహస్థు ముందు డబ్బా మీది బొమ్మ చూడాలి. అందులో సోఫా గది నడుమ ఉంటుంది, మనిషి ఒక్కడే కూర్చుంటాడు, వంటింటికి దారే ఉండదు. ఆ మనిషికి ఇంకా పెళ్లి కాలేదని మా నిర్ధారణ.

టీవీని పిల్లలకు అందకూడదని దేవుడి పటాల వరసలో బిగిస్తారు. భక్తి పెరుగుతుంది, మెడ పట్టేస్తుంది. తెర నడిభాగం నేలకు 40 అంగుళాల ఎత్తున, కూర్చున్నవాడి కళ్లకు సూటిగా ఉండాలి. 55 అంగుళాల టీవీకి ఏడడుగుల దూరం చాలు.

5.1 అంటే ఐదు స్పీకర్లు, లోతు మోతలు పలికే పెట్టె సబ్‌వూఫర్ ఒకటి. అందులో వెనక స్పీకర్లు రెండూ, కూర్చున్నవాడికి ఎదురుగా ఉన్న తెర సున్నా అనుకుంటే, 110 నుంచి 120 డిగ్రీల కోణంలో, అంటే పక్కగా కాస్త వెనక్కి ఉండాలి. మన హాల్లో ఆ కోణాన ఒకవైపు ఉమ్మడి గోడ, రెండోవైపు వంటింటి గుమ్మం. గుమ్మానికి వేలాడదీస్తే కూర గిన్నె తెచ్చేవారి నుదురు పగులుతుంది. కాబట్టి వెనక రెండూ మానేసి 3.1 చాలు, దీన్ని రాజీ అనకండి, వాస్తు అనండి. మానకూడనిది మధ్య స్పీకరు, మాటలు దాదాపు అన్నీ అందులోంచే వస్తాయి. దాన్ని అరలో లోపలికంటా తోసి, ముందు పూరీ నుంచి తెచ్చిన జగన్నాథుణ్ణి నిలబెట్టి, మాటలు వినపడ్డం లేదని సౌండు పెంచడం మన ఆచారం. స్పీకరు మూతి అర అంచుకు రావాలి, చెవుల వైపు కాస్త ఎత్తి ఉండాలి.

ఇక సబ్‌వూఫర్. 14 అడుగుల గదిలో 40 హెర్ట్జ్ మోత గోడల దగ్గర చెలరేగుతుంది, గది నడుమ మాయమవుతుంది. మూలన పెట్టారా, పక్కింటాయన సినిమా చూడకుండానే ఎవరు ఎప్పుడు పోయారో చెప్పేస్తాడు. దీనికో తంతు ఉంది. సబ్‌వూఫర్‌ని సోఫా మీద కూర్చోబెట్టి, పాట పెట్టి, యజమాని గోడల వెంట మోకాళ్ల మీద పాకాలి. మోత ఎక్కడ సమంగా వినపడితే అక్కడికి దాన్ని దించాలి. అప్పుడే చుట్టాలొస్తే ఉంగరం వెతుకుతున్నానని చెప్పండి. పట్టుచీరల బీరువా తలుపు మోతకు తాళం వేస్తుంది. సందులో మడిచిన గుడ్డ పెడితే ఊరుకుంటుంది. టైల్సు నేల మీద మాట గింగురుమంటే నురగ పలకలు కొనకండి, చుట్టాల పరుపు గోడకు నిలబెట్టండి.

ఆంప్లిఫయరు పైన నాలుగంగుళాలు ఖాళీ ఉంచాలి. అల్లిక గుడ్డ కప్పి పూలకుండీ పెడితే అది వేడెక్కి క్లైమాక్సులో ఆగిపోతుంది.

చివరగా, టీవీ వెనక ఏఆర్‌సీ అని రాసున్న, అంటే టీవీ సౌండును ఆంప్లిఫయరుకు పంపే హెచ్‌డీఎంఐ రంధ్రంలోనే దాని తీగ గుచ్చి, సెట్టింగుల్లో సీఈసీ, అంటే రెంటినీ ఒకే రిమోటు మాట వినేలా చేసేది, ఆన్ చేయండి. సౌండు ఒక్క రిమోటుతో నడుస్తుంది. లేకపోతే రెండో రిమోటు మామ్మగారి దిండు కింద చేరుతుంది, సీరియలు టీవీ సొంత స్పీకర్లలోనే సాగుతుంది.