యాడ్స్ పెంచే ముందు చిల్లు ఎక్కడుందో చూడండి

పచ్చళ్ల సైట్‌కి ఆర్డర్లు రావట్లేదంటే ఫేస్‌బుక్ యాడ్స్ బడ్జెట్ పెంచమని ఒక వ్యాసంలో రాశారు. అంతకంటే ముందు లెక్క చూడాలి. 1000 మంది వచ్చి, 60 మంది కార్ట్‌లో వేసి, 40 మంది చెకవుట్ (డబ్బు కట్టే పేజీ) దాకా వెళ్లి, 8 మందే డబ్బు కట్టారనుకోండి. లోపం యాడ్‌లో లేదు, ఆ చివరి పేజీలో ఉంది. చాలాసార్లు కారణం డెలివరీ ఛార్జీయే. అరకిలో ఆవకాయ 250 రూపాయలని చూపించి ఆఖర్న ఇంకో 90 కలిపితే ఎవరైనా వెనక్కి పోతారు. ఆ డెలివరీ ఛార్జీ సంగతి ధర పక్కనే రాయండి, పిన్‌కోడ్ గడి కూడా అక్కడే పెట్టండి. అకౌంట్ తెరవమని బలవంతం వద్దు; పేరు, ఫోన్, అడ్రస్, యూపీఐ, అంతే.

యాడ్‌లో గోంగూర చూపించి హోమ్ పేజీకి పంపడం ఇంకో పొరపాటు. నొక్కినవాళ్లు నేరుగా గోంగూర పేజీలోనే దిగాలి. ఏ నూనె, కారం ఎంత, ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది అన్నవి మొదటి స్క్రీన్‌లోనే కనపడాలి.

కార్ట్‌లో వేసి కొనకుండా వదిలేసినవాళ్లకి గంటలోపు ఒక వాట్సాప్ మెసేజ్, మర్నాడు ఇంకొకటి చాలు. అదీ ముందే అనుమతి ఇచ్చినవాళ్లకే. వాట్సాప్ బిజినెస్ ఏపీఐలో (వ్యాపారాలు సాఫ్ట్‌వేర్ ద్వారా మెసేజ్‌లు పంపే పద్ధతి) కస్టమర్ చివరి మెసేజ్ పెట్టి 24 గంటలు దాటితే వాట్సాప్ ఆమోదం పొందిన టెంప్లేట్ (ముందే రాసిపెట్టిన మెసేజ్ నమూనా) మాత్రమే వెళ్తుంది. రోజూ పంపితే జనం బ్లాక్ చేస్తారు, మీ నంబర్‌కి వాట్సాప్ ఇచ్చే రేటింగ్ పడిపోతుంది.

క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లని అప్పుడే అమ్మకాల్లో కలపకండి. తలుపు దగ్గర వద్దంటే రానుపోను కొరియర్ ఖర్చు మీదే, పైగా కారిపోయి తిరిగొచ్చిన సీసా మళ్లీ అమ్మలేరు. ప్యాక్ చేసేముందే ఫోన్ చేసి ఖరారు చేసుకోండి.