సవరణ: తడి నేల మీద గ్రావెల్ సంగతి

అమలాపురం దగ్గర కల్యాణ మండపం పార్కింగ్ గురించి రాస్తూ, నేల ఊగుతుంటే ఇంకో అడుగు గ్రావెల్ పోసి రోలర్ తిప్పితే చాలన్నాను. తప్పు. కింద తడిసిన నల్ల బంకమన్ను ఉంటే గ్రావెల్ అందులోకే దిగిపోతుంది, రోలర్ తిప్పేకొద్దీ నేల పరుపులా ఊగుతుంది. (మాకు రెండు లారీల గ్రావెల్ అలాగే మాయమైంది.)

ముందు చుట్టూ బోదె తీసి ఊట నీరు బయటికి పంపాలి. తర్వాత మట్టి ఎండు బరువులో సుమారు 3 నుంచి 6 శాతం సున్నం కలిపి, ఒకటి రెండు రోజులు మాగనిచ్చి, అప్పుడు రోలింగ్. సరైన మోతాదు మట్టి పరీక్షే చెప్పాలి. పొడి సున్నం కళ్లలో పడితే ప్రమాదం, అద్దాలు తప్పనిసరి. సముద్రం వైపు ఇసుక నేలలకు మాత్రం సున్నం పనిచేయదు. కుదిరితే పంట కాలువలకు నీళ్లు ఆపేశాకే పని మొదలుపెట్టండి.