పాత కార్టూన్ల ముందు నిలబడే హెచ్చరిక పలక గారికి

మహారాజశ్రీ హెచ్చరిక పలక గారి సముఖమునకు,

పాత అమెరికన్ కార్టూన్లను వదల్లేక, కొన్ని చోట్ల తలెత్తి చూడలేక అవస్థపడుతున్న మేము చేసుకునే విన్నపం. ఉభయకుశలోపరి.

కొన్నిచోట్ల బొమ్మ మొదలవకముందే తమరు తెర మీద ప్రత్యక్షమవుతారు. ఇందులో కొన్ని చిత్రణలున్నాయి, అవి అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే అని చెప్పి మాయమవుతారు. ఏవి? చెప్పరు. ఎవరిని వెక్కిరించారు? అదీ చెప్పరు. పెళ్ళిమండపం మైకులో "ఎవరిదో బండి అడ్డంగా ఉంది, దయచేసి తీయండి" అన్నట్టుంది. నంబరు చెప్పకపోతే ఎవరు లేస్తారండీ?

2019 నవంబరులో డిస్నీ ప్లస్ మొదలైనప్పుడు తమరి మాట "పాతబడిన సాంస్కృతిక చిత్రణలు ఉండవచ్చు". ఉండవచ్చట! తన కొట్లో ఏ సరుకుందో షావుకారుకే తెలియనట్టు. 2020 అక్టోబరులో కాస్త ధైర్యం వచ్చింది. తప్పును తప్పన్నారు, దాటేయడానికి వీల్లేకుండా 12 సెకన్లు నిలబడ్డారు. 2025 ఫిబ్రవరికి ఆ ధైర్యం కరిగి, డిస్నీ ప్లస్‌లో వివరాల పేజీలో ఓ మూలకు సర్దుకున్నారు. మళ్ళీ "ఉండవచ్చు" దగ్గరికే వచ్చారు.

ఇక తమరి వంశంలో అందరూ పాడే పల్లవి ఒకటుంది: "ఇవి ఆ కాలపు సరుకు". ఆ కాలంలో ఎవరికీ నొప్పి తెలియలేదనే అర్థం వస్తుంది. 1915లో గ్రిఫిత్ తీసిన, నల్లవారిని దుర్మార్గులుగా చూపిన "బర్త్ ఆఫ్ ఎ నేషన్" సినిమా మీద ఊరూరా నిరసనలు చేసిన ఎన్.ఏ.ఏ.సి.పి. అనే నల్లవారి హక్కుల సంఘం ఏ కాలానిది? నల్లవారిని వెక్కిరిస్తూ వాల్టర్ లాంట్జ్ 1941లో తీసిన కార్టూన్ ఒకదాన్ని యూనివర్సల్ స్టూడియో 1948లో మళ్ళీ విడుదల చేస్తే, ఆ సంఘమే అభ్యంతరం చెప్పింది. 1949కల్లా యూనివర్సల్ దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ కాలంలోనే తప్పని చెప్పినవాళ్ళున్నారు, చాలాసార్లు వాళ్ళ మాట చెల్లలేదు, అంతే. తమరి పలక మీద వాళ్ళ పేరు ఒక్కసారీ కనబడదు.

తమరికంటే ముందు ఈ పని చూసింది కత్తెర. ఆయన చేసిన నష్టం ముందు తమరే నయం, ఒప్పుకుంటాం. "టామ్ అండ్ జెర్రీ"లో పిల్లి టామ్ ముఖం ముందు ఏదో పేలుతుంది, మసి అంటుకుంటుంది, పెదాలు లావెక్కుతాయి, నల్లవారిని వెక్కిరించే బొమ్మ తయారవుతుంది. మూడు సెకన్లు, అంటే 72 ఫ్రేములు. తీసేస్తే పోతుంది కదా అనుకుంటారు. కానీ స్కాట్ బ్రాడ్లీ సంగీతం ఆ ఫ్రేములకు లెక్కగట్టి రాసింది. బొమ్మ తెగిన చోటే పాటా తెగుతుంది, వయొలిన్ సగం గమకంలో ఎగిరి ఇంకో స్వరం మీద పడుతుంది. పేలుడు ఉంటుంది, దాని ఫలితం ఉండదు. ఏదో దాచారని చెవికి ముందు తెలుస్తుంది.

ఇంకో వైద్యం బొమ్మ మార్చడం. టామ్‌ను చీపురుతో తరిమే నల్లజాతి పనిమనిషికి 1940 నుంచి 1952 దాకా గొంతిచ్చింది లిలియన్ రాండాల్ఫ్ అనే నల్లజాతి నటి. తెర మీద పేరు కూడా వేయలేదు. 1960ల్లో టీవీ కోసం కొన్ని కార్టూన్లలో ఆ పాత్ర స్థానంలో సన్నటి తెల్లావిడను గీసి, జూన్ ఫోరే అనే మరో నటి చేత మాట్లాడించారు. వెక్కిరింత బొమ్మ పోయింది, దాంతోపాటు ఆ కార్టూన్లలోంచి రాండాల్ఫ్ గొంతూ పోయింది. ఎలుకను చంపడానికి ఇల్లు తగలబెట్టడమంటే ఇదే.

మూడోది బీరువా. 1968లో యునైటెడ్ ఆర్టిస్ట్స్ వారు, నల్లవారిని వెక్కిరించే పదకొండు వార్నర్ కార్టూన్లను టీవీకి ఇవ్వడం మానేశారు. బీరువాకు తాళం వేస్తే ఆగాయా? కొన్నిటికి కాపీరైటు కూడా లేదు, మసకబారిన నకళ్ళు ఏ వివరణా లేకుండా తిరుగుతూనే ఉన్నాయి. 2010లో హాలీవుడ్‌లో ఎనిమిదింటిని పెద్ద తెర మీద వేసినప్పుడు మాత్రం పద్ధతిగా చేశారు: సినిమా చరిత్రకారుడు డోనాల్డ్ బోగుల్ వాటిని పరిచయం చేశాడు. 2020లో హెచ్.బి.ఓ. మాక్స్ అనే స్ట్రీమింగ్ సేవ కూడా, బానిసత్వాన్ని అందంగా చూపిన "గాన్ విత్ ద విండ్" సినిమాను తీసేసి, మళ్ళీ పెట్టేటప్పుడు సినిమా పండితురాలు జాక్వెలిన్ స్టూవర్ట్ చేత నాలుగైదు నిమిషాలు మాట్లాడించింది. పలక చేయలేని పని మనిషి చేసింది.

ప్రతి ఏడు నిమిషాల బొమ్మకూ పండితుణ్ణి తేలేం, నిజమే. తమరికి ఒకప్పుడున్న 12 సెకన్లలో స్థిమితంగా చదవగలిగేది పాతిక మాటలు. అవి చాలు. మచ్చుకు ఒకటి రాసిస్తున్నాం, రుసుము అక్కర్లేదు: "పేలుడు తర్వాత టామ్ ముఖం మిన్‌స్ట్రెల్ నాటకాల వేషం. తెల్ల నటులు కాల్చిన బెరడు మసి పూసుకుని నల్లవారిని వెక్కిరించిన ఆట అది. పనిమనిషి గొంతు లిలియన్ రాండాల్ఫ్‌ది." మిన్‌స్ట్రెల్ ఆట 1830ల నాటిదని తెలియని మన గుంటూరు పిల్లాడికి అది వట్టి మసి ముఖమే. వాడికి కావలసింది తమరి క్షమాపణ కాదండీ, ఆ వేషం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పే ఒక్క ముక్క. పైగా తమరికి గొంతు లేదు. చదవడం రాని నాలుగేళ్ళ పిల్ల ముందు ఎన్ని సెకన్లు నిలబడ్డా ఒకటే. ఆ పాతిక మాటలూ ఎవరైనా చదివి వినిపించాలి, వినబడే భాషలో. బొమ్మ నడుస్తుండగా మధ్యలో అక్షరాలు పాకించవద్దు. ముందు పాతిక మాటలు, మిగతాదంతా వివరాల పేజీలో. తారుమారు చేయకండి.

అన్నట్టు మా థియేటర్లలో తమరి చుట్టం ఒకాయన ఉన్నాడు, "పొగ తాగడం ఆరోగ్యానికి హానికరం" గారు. తెర మూల పాడుచేస్తాడు గానీ, చుట్ట వెలిగిన చోటే సరిగ్గా ప్రత్యక్షమవుతాడు. ఎక్కడ వేలు పెట్టాలో ఆయన్నడిగి నేర్చుకోండి. తర్వాత వీలు చూసుకుని ఇటు కూడా రండి. తెలంగాణ యాసను రౌడీలకూ హాస్యగాళ్ళకూ పంచిపెట్టిన తెలుగు సినిమాలు, నత్తినీ ఒంటి రంగునూ జోకులుగా అమ్ముకున్న సినిమాలు ఇక్కడ చాలా ఉన్నాయి, వాటి ముందు నిలబడేవారు ఎవరూ లేరు. వచ్చేటప్పుడు బండి నంబరు మాత్రం రాసి తెచ్చుకోండి.

ఇట్లు,
తమరిని చివరిదాకా చదివే కొద్దిమంది